ఇంటి డౌన్ పేమెంట్‌కు డబ్బులు ఎక్కడి నుంచి? పీఎఫ్ నుంచి కేంద్రం సబ్సిడీ వరకు.. ఏది ముందు చేతికొస్తుంది? ఏది తర్వాత?

సొంతింటి కోసం హోమ్ లోన్‌కు వెళ్లే చాలామందికి మొదటి దెబ్బ ఈఎంఐ దగ్గర కాదు, డౌన్ పేమెంట్ దగ్గర తగులుతుంది. నచ్చిన ఫ్లాట్ చూసి, అడ్వాన్స్ ఇచ్చి, రెండు మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్ రాసుకుంటారు. తీరా బ్యాంకుకు వెళ్లాక, అనుకున్నదాని కంటే ఐదారు లక్షలు ఎక్కువ సర్దాల్సి వస్తుందని తెలుస్తుంది. గడువులోగా సర్దలేకపోతే ఇచ్చిన అడ్వాన్స్ మీదే గొడవ మొదలవుతుంది.

డౌన్ పేమెంట్‌కు సాయపడే దారులు మన దగ్గర చాలానే ఉన్నాయి. పీఎఫ్, ప్రభుత్వ ఉద్యోగులకు అడ్వాన్స్, ఎన్‌పీఎస్, చీటీ, కేంద్రం సబ్సిడీ.. ఇలా. కానీ ఇందులో కొన్ని రిజిస్ట్రేషన్‌కు ముందే చేతికొస్తాయి. కొన్ని ఇల్లు కొన్నాక, ఏడాదికి కొంత చొప్పున వస్తాయి. ఈ తేడా తెలియకుండా లెక్క వేసుకుంటే ఇబ్బంది తప్పదు. ఏది ఎప్పుడు వస్తుందో వివరంగా తెలుసుకుందాం.

బ్యాంకు ఎంత వరకు ఇస్తుంది?

ఇంటి విలువలో ఎంత శాతం వరకు లోన్ ఇవ్వొచ్చో రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టింది. దీన్నే ఎల్‌టీవీ అంటారు.

- లోన్ రూ. 30 లక్షల వరకు అయితే.. ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం
- రూ. 30 లక్షలు దాటి రూ. 75 లక్షల వరకు అయితే.. 80 శాతం
- రూ. 75 లక్షలు దాటితే.. 75 శాతం

ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. మీ జీతం, సిబిల్ స్కోర్, ఇప్పటికే కడుతున్న ఈఎంఐలు చూసి బ్యాంకు ఇంతకంటే తక్కువ కూడా ఇవ్వొచ్చు. పైగా మీరు చెప్పిన రేటు మీద కాదు, బ్యాంకు తరఫున వచ్చే వాల్యుయర్ వేసిన విలువనూ చూస్తారు. రెండింట్లో ఏది తక్కువైతే సాధారణంగా దాని మీదే లెక్క కడతారు.

ఇక్కడే చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపకూడదని ఆర్‌బీఐ నిబంధన. రూ. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రమే ఇందులో మినహాయింపు ఉంది. అంటే రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం మీ జేబులోంచే పెట్టుకోవాలి.

రూ. 50 లక్షల ఫ్లాట్‌కు చేతిలో ఎంత ఉండాలి?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా మామూలు సేల్ డీడ్‌కు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే దీనికి జీఎస్టీ తోడవుతుంది. మామూలుగా 5 శాతం. రూ. 45 లక్షలకు మించని ఫ్లాట్ అయి, కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్లు, మిగతా ఊళ్లలో 90 చదరపు మీటర్లు దాటకపోతే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

నిర్మాణంలో ఉన్న రూ. 50 లక్షల ఫ్లాట్ లెక్క ఇలా ఉంటుంది.

- బ్యాంకు లోన్ (80 శాతం): రూ. 40 లక్షలు
- మీ వాటా (20 శాతం): రూ. 10 లక్షలు
- రిజిస్ట్రేషన్ ఖర్చు (7.5 శాతం): రూ. 3.75 లక్షలు
- జీఎస్టీ (5 శాతం): రూ. 2.50 లక్షలు
- చేతిలో ఉండాల్సింది: రూ. 16.25 లక్షలు

చాలామంది "20 శాతం అంటే 10 లక్షలే కదా" అనుకుని దిగుతారు. అసలు లెక్క 32 శాతం దాటుతోంది. కార్ పార్కింగ్, కార్పస్ ఫండ్, కప్‌బోర్డులు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఇందులో ఇంకా కలపలేదు.

ఇంకో మాట. ఇంటి విలువ రూ. 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు. అమ్మేవాళ్లకు ఇవ్వాల్సిన మొత్తంలోంచే మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. మినహాయించకుండా మొత్తం ఇచ్చేస్తే మాత్రం తర్వాత మీ మీదే పడుతుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందే చేతికొచ్చే డబ్బులు

1. పీఎఫ్ అడ్వాన్స్

ప్రైవేటు ఉద్యోగులకు అన్నింటికంటే పెద్ద ఆసరా ఇదే. ఇల్లు కొనడానికి, కట్టుకోవడానికి ఫారం 31 ద్వారా ఆన్‌లైన్‌లోనే క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు.

పాత నిబంధన ప్రకారం ఐదేళ్ల సభ్యత్వం ఉంటే, ఫ్లాట్ కొనడానికి 36 నెలల బేసిక్, డీఏకు సమానమైన మొత్తం వరకు తీసుకునే వీలుంది. 2025 అక్టోబర్ 13న జరిగిన ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు సమావేశంలో ఈ రూల్స్‌ను బాగా సులభం చేయాలని నిర్ణయించారు. మొత్తం 13 రకాల విత్‌డ్రా నిబంధనలను మూడు కేటగిరీలకు కుదించారు. అందులో ఇంటి అవసరాలు ఒక కేటగిరీ. కనీస సర్వీసును 12 నెలలకు తగ్గించారు. ఖాతాలో 25 శాతం మాత్రం ఎప్పుడూ మిగిలి ఉండాలన్నారు. కాబట్టి క్లెయిమ్ పెట్టే రోజు పోర్టల్‌లో మీకు ఎంత అర్హత చూపిస్తుందో దాన్నే లెక్కలోకి తీసుకోండి. పాస్‌బుక్‌లో కనిపించే మొత్తాన్ని కాదు.

క్లెయిమ్‌లు ఎక్కువగా ఆగేది చిన్న చిన్న కారణాలతోనే. ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు. పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ నమోదు చేయకపోవడం. పాత పీఎఫ్ ఖాతాను కొత్త దానికి ట్రాన్స్‌ఫర్ చేసుకోకపోవడం. బ్యాంకు ఖాతా కేవైసీ పెండింగ్‌లో ఉండటం. ఇవి సరిచేయడానికి వారాలు పట్టొచ్చు. అందుకే ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజే పీఎఫ్ లాగిన్ ఒకసారి చూసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దరి ఖాతాలూ చూసుకోండి.

నష్టం కూడా ఉంది. పీఎఫ్‌పై 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. ఇప్పుడు తీస్తే రిటైర్‌మెంట్ నాటికి ఆ మేర తగ్గుతుంది. అందుకే మొత్తం ఊడ్చేయకుండా అవసరమైనంతే తీసుకోవడం మంచిది.

2. ప్రభుత్వ ఉద్యోగులకు హెచ్‌బీఏ

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ ఉంది. 34 నెలల బేసిక్ పే లేదా రూ. 25 లక్షలు లేదా ఇంటి ఖర్చు లేదా తిరిగి కట్టగల స్థోమత.. వీటిలో ఏది తక్కువైతే అంత ఇస్తారు. పర్మనెంట్ ఉద్యోగులతో పాటు ఐదేళ్లు వరుసగా సర్వీసు ఉన్న తాత్కాలిక ఉద్యోగులకూ అర్హత ఉంటుంది. జీపీఎఫ్ ఉన్నవాళ్లు ఇంటి కోసం అందులోంచీ తీసుకోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు తమ శాఖ రూల్స్ ఏంటో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోవాలి. ప్రైవేటు కంపెనీల్లోనూ కొన్ని చోట్ల ఉద్యోగులకు తక్కువ వడ్డీ లోన్లు ఉంటాయి. హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెడితే పోయేదేం లేదు.

3. ఎన్‌పీఎస్

ఎన్‌పీఎస్‌లో మూడేళ్లు దాటితే, ఇల్లు కొనడానికి మీరు కట్టిన వాటాలో 25 శాతం వరకు తీసుకోవచ్చు. యాజమాన్యం కట్టిన వాటా, పెరిగిన లాభం ఇందులోకి రావు. ఇప్పటికే సొంతిల్లు ఉంటే ఈ కారణంతో ఇవ్వరు. వారసత్వంగా వచ్చిన ఇంటికి మాత్రం మినహాయింపు ఉంది.

4. చీటీ

మన దగ్గర డౌన్ పేమెంట్ అంటే ముందు గుర్తొచ్చేది చీటీనే. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ అయితే చిట్ ఫండ్స్ చట్టం కిందకు వస్తుంది. నిర్వాహకుల కమీషన్ 7 శాతం దాటకూడదు. కాలనీలో తెలిసినవాళ్లు నడిపే చీటీకి ఈ రక్షణ ఉండదు. నిర్వాహకులు చేతులెత్తేస్తే ఇల్లు పోయి, చీటీ డబ్బూ పోతుంది.

రిజిస్టర్డ్ చీటీలోనూ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ముందు నెలల్లో పాడుకుంటే పాట ఎక్కువకు పోతుంది, చేతికొచ్చేది తగ్గుతుంది. పాడుకున్న రోజే డబ్బు రాదు. ష్యూరిటీలు చూపించి, అవి ఓకే అయ్యాకే చెక్కు ఇస్తారు. కాబట్టి రిజిస్ట్రేషన్‌కు కనీసం రెండు నెలల ముందే పాడుకునేలా చూసుకోండి.

5. ఇంట్లోవాళ్ల సాయం

తల్లిదండ్రులు, అత్తమామలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయి, మేనమామ లాంటి దగ్గరి బంధువులు గిఫ్ట్‌గా ఇచ్చే డబ్బుకు తీసుకున్నవాళ్లు ట్యాక్స్ కట్టక్కర్లేదు. అయితే బాబాయి కొడుకు, మేనమామ కూతురు లాంటి కజిన్స్ ఈ లిస్టులోకి రారు. వాళ్ల నుంచి, ఫ్రెండ్స్ నుంచి ఏడాదిలో వచ్చిన గిఫ్టులు రూ. 50 వేలు దాటితే ట్యాక్స్ పడుతుంది. అప్పుగా తీసుకుంటే ట్యాక్స్ ఉండదు. ఏదైనా సరే బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానే తీసుకుని, ఒక కాగితం రాసి పెట్టుకోండి. మీ వాటా డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడిగినప్పుడు అదే ఆధారం.

అలాగే ఇంటి అడ్వాన్స్‌ను క్యాష్‌లో ఇవ్వొద్దు. స్థిరాస్తి అమ్మకంలో రూ. 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ పడే వీలుంది. క్యాష్‌గా ఇచ్చినదానికి మీ దగ్గర రుజువూ ఉండదు.

ఇల్లు కొన్నాక వచ్చే డబ్బులు

కేంద్రం పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 స్కీమ్ గురించి బాగా ప్రచారం జరుగుతోంది. ఇది 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో హోమ్ లోన్ తీసుకునేవాళ్లకు వర్తించేది వడ్డీ సబ్సిడీ. ముఖ్యమైన షరతులు ఇవీ.

- కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 9 లక్షల లోపు ఉండాలి
- దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరు మీదా పక్కా ఇల్లు ఉండకూడదు
- ఇంటి విలువ రూ. 35 లక్షల వరకు, లోన్ రూ. 25 లక్షల వరకు ఉండాలి
- కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు దాటకూడదు
- ఇల్లు ఇంటి మహిళ పేరు మీద లేదా భార్యాభర్తల జాయింట్ పేరు మీద ఉండాలి
- గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇళ్ల పథకం లబ్ధి పొంది ఉండకూడదు

అర్హత ఉంటే మొదటి రూ. 8 లక్షల లోన్‌పై 4 శాతం వడ్డీ సబ్సిడీ, 12 ఏళ్ల కాలానికి లెక్కిస్తారు. గరిష్ఠంగా రూ. 1.80 లక్షలు వస్తుంది. అది కూడా ఒకేసారి కాదు, ఐదు వార్షిక విడతల్లో. అంటే ఏడాదికి సుమారు రూ. 36 వేలు. ప్రతి విడత సమయానికీ లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి.

"సబ్సిడీ వస్తుంది కదా, డౌన్ పేమెంట్‌కు సరిపోతుంది" అనుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. నిజానికి ఈ స్కీమ్‌లోకి రావాలంటే చేతిలో ఇంకా ఎక్కువ డబ్బు ఉండాలి. ఎలాగో చూడండి.

రూ. 34 లక్షల రెడీ ఫ్లాట్ అనుకుందాం. ఎల్‌టీవీ రూల్ ప్రకారం బ్యాంకు రూ. 30 లక్షల వరకు లోన్ ఇవ్వొచ్చు. అప్పుడు మీ వాటా రూ. 4 లక్షలు, రిజిస్ట్రేషన్ రూ. 2.55 లక్షలు, మొత్తం రూ. 6.55 లక్షలు. అదే సబ్సిడీ కావాలంటే లోన్ రూ. 25 లక్షలు దాటకూడదు. అప్పుడు మీ వాటా రూ. 9 లక్షలు, రిజిస్ట్రేషన్‌తో కలిపి రూ. 11.55 లక్షలు. అంటే ఐదేళ్లలో వచ్చే రూ. 1.80 లక్షల కోసం ఈరోజే రూ. 5 లక్షలు ఎక్కువ సర్దుకోవాలి. పీఎఫ్‌లో డబ్బు ఉంటే ఇది లాభమే. లోన్ తగ్గుతుంది, సబ్సిడీ వస్తుంది. ఆ 5 లక్షల కోసం అధిక వడ్డీకి అప్పు చేయాల్సి వస్తే మాత్రం సబ్సిడీ మొత్తం ఆ వడ్డీకే సరిపోదు.

సొంత జాగా ఉన్న పేదలకు వేరే దారి ఉంది. ఇదే పీఎం ఆవాస్ అర్బన్ 2.0లో ఏడాదికి రూ. 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు తమ స్థలంలో ఇల్లు కట్టుకుంటే కేంద్రం వాటాగా రూ. 1.50 లక్షలు, దానికి తోడు రాష్ట్రం వాటా వస్తాయి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద రూ. 5 లక్షలు ఇస్తున్నారు. ఇది కూడా విడతలవారీగానే. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి రూ. 1 లక్ష పడుతుంది. అంటే పునాది వరకు డబ్బు మీరే పెట్టుకోవాలి. ఇది ఫ్లాట్ కొనడానికి ఇచ్చే సాయం కాదు.

డౌన్ పేమెంట్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ లెక్క చూశాక నిర్ణయించుకోండి. రూ. 5 లక్షల పర్సనల్ లోన్, 13 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు రూ. 11,400. బ్యాంకు మీ హోమ్ లోన్ అర్హత లెక్కించేటప్పుడు ఈ ఈఎంఐని మీ ఆదాయంలోంచి తీసేస్తుంది. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల హోమ్ లోన్‌లో రూ. 11,400 ఈఎంఐ అంటే సుమారు రూ. 13 లక్షల లోన్‌తో సమానం. అంటే 5 లక్షల కోసం వెళ్తే 13 లక్షల అర్హత తగ్గే ప్రమాదం ఉంది.

దీనికంటే గోల్డ్ లోన్, ఎల్ఐసీ పాలసీ మీద లోన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోన్ వడ్డీ పరంగా సాధారణంగా నయం. అయినా ఇవీ అప్పులే. హోమ్ లోన్ ఈఎంఐ మొదలయ్యాక వీటిని ఎప్పటికి తీరుస్తారో ముందే తేల్చుకోవాలి. లేదంటే బంగారం వేలానికి వస్తుంది.

ఈ ఆఫర్లు కనిపిస్తే ఆగండి

"జీరో డౌన్ పేమెంట్": బిల్డర్ అలా ప్రకటించినా ఎల్‌టీవీ రూల్ మారదు. కొన్ని చోట్ల అగ్రిమెంట్‌లో రేటు పెంచి చూపించి ఎక్కువ లోన్ తీస్తారు. పెంచిన రేటు మీద స్టాంప్ డ్యూటీ పెరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది. తప్పుడు విలువ చూపించారని తేలితే కేసు మీ మీద కూడా వస్తుంది.

"పొజెషన్ వరకు ఈఎంఐ మేమే కడతాం": లోన్ మాత్రం మీ పేరు మీదే ఉంటుంది. బిల్డర్ కట్టడం ఆపేస్తే బ్యాంకు వచ్చేది మీ ఇంటికే. పడేది మీ సిబిల్ స్కోరే. నిర్మాణం దశలను బట్టే లోన్ విడుదల చేయాలని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

"ప్రీ లాంచ్‌లో సగం రేటుకే": 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో లేదా 8 ఫ్లాట్లు మించిన ప్రాజెక్టులో రెరా రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగ్ తీసుకోకూడదు. రెరా నంబర్ లేని చోట మొత్తం డబ్బు కట్టడమంటే డౌన్ పేమెంట్ సమస్య తీరినట్టు కాదు, ఉన్న డబ్బంతా రిస్క్‌లో పెట్టినట్టు.

"సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు 10 వేలు పంపండి": పీఎం ఆవాస్ దరఖాస్తు అధికారిక పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. మధ్యలో ఏజెంట్ అక్కర్లేదు. ఆధార్ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఏ వరుసలో చేయాలి?

1. ముందు సిబిల్ రిపోర్ట్, పీఎఫ్ కేవైసీ చూసుకోండి. తప్పులుంటే సరిచేయించండి.
2. ఇల్లు ఫైనల్ చేయకముందే బ్యాంకులో ఎంత లోన్ వస్తుందో ప్రీ అప్రూవల్ తీసుకోండి.
3. ఇంటి ధరకు రిజిస్ట్రేషన్, జీఎస్టీ, పార్కింగ్ కలిపి మొత్తం రాయండి. అందులోంచి లోన్ తీసేయండి. మిగిలిందే మీరు సర్దాల్సింది.
4. ఆ మొత్తానికి ఎదురుగా మీ దగ్గరున్న దారులు రాసి, ఒక్కోదాని పక్కన డబ్బు చేతికొచ్చే తేదీ వేయండి. రిజిస్ట్రేషన్ తేదీ తర్వాత వచ్చే ఏ డబ్బునూ ఇందులో కలపొద్దు.
5. అడ్వాన్స్ అగ్రిమెంట్‌లో "బ్యాంకు లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి" అనే షరతు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాయించండి. మాట మీద వదిలేయొద్దు.
6. కొత్త ప్రాజెక్టు అయితే, రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. రెరా చట్టం చెప్పేది ఇదే.
7. డౌన్ పేమెంట్ కట్టాక కూడా కనీసం మూడు నాలుగు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు విడిగా ఉంచండి.

తరచూ అడిగే ప్రశ్నలు

బ్యాంకు ముందు లోన్ ఇస్తే, నా వాటా తర్వాత కట్టొచ్చా?
సాధారణంగా కుదరదు. మీ వాటా కట్టిన రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాకే లోన్ చెక్కు విడుదల చేస్తారు.

భార్య పేరు మీద కొంటే లాభం ఉందా?
చాలా బ్యాంకులు మహిళలకు వడ్డీలో కొద్దిగా రాయితీ ఇస్తున్నాయి. పీఎం ఆవాస్ షరతుకూ పనికొస్తుంది. ఇద్దరికీ ఆదాయం ఉంటే జాయింట్‌గా తీసుకుంటే లోన్ అర్హత కూడా పెరుగుతుంది.

పాత ఇల్లు కొంటే ఖర్చు తగ్గుతుందా?
జీఎస్టీ ఉండదు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం మాత్రం ఉంటుంది. అయితే బిల్డింగ్ వయసు ఎక్కువైతే బ్యాంకు వాల్యుయేషన్ తగ్గి, మీ వాటా పెరగొచ్చు.

డబ్బు సరిపోకపోతే ఏం చేయాలి?
ఆరు నెలలో, ఏడాదో ఆగడం తప్పేం కాదు. లేదా తక్కువ ధర ఇంటికి వెళ్లొచ్చు. లోన్ రూ. 30 లక్షల లోపు ఉంటే 90 శాతం వరకు వచ్చే వీలుంది కాబట్టి చేతి నుంచి పెట్టాల్సింది బాగా తగ్గుతుంది. అడ్వాన్స్ ఇచ్చాక వెతుక్కునే డబ్బు ఎప్పుడూ ఖరీదైనదే. ఇవ్వకముందే లెక్క తేల్చుకున్నవాళ్లకే బేరం ఆడే బలం ఉంటుంది.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. వడ్డీ రేట్లు, స్కీమ్ నిబంధనలు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు మీ బ్యాంకులో, సంబంధిత అధికారిక పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి.)